పిల్లల పని మాన్పిస్తే ఇల్లంతా పస్తులేనా?

"పేద దేశాల్లో బాలకార్మికులు ఇప్పుడు దాదాపు లేరు. ఉన్నారంటే అది తల్లిదండ్రుల అత్యాశ. అయినా ఆ పిల్లల కూలితోనే ఇల్లు గడుస్తోంది, మాన్పిస్తే అందరూ పస్తులే. పనైనా నేర్చుకుంటున్నారు కదా." ఈ మెసేజ్ చాలా గ్రూపుల్లో తిరుగుతోంది. చదివిన ప్రతిసారీ కడుపు మండుతోంది, అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

బాలకార్మికులు లేరన్నది అబద్ధం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన లెక్కలో 2024లో ప్రపంచం మొత్తం మీద 13.8 కోట్ల మంది తేలారు, అందులో 5.4 కోట్ల మందివి ఒంటికి హాని చేసే ప్రమాదకరమైన పనులు. 2000లో 24.6 కోట్లు ఉండేవారు కాబట్టి తగ్గిన మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ బాలకార్మికులు అనగానే మనం ఫ్యాక్టరీల వైపు చూస్తాం, వీళ్లలో 61 శాతం మందేమో వ్యవసాయంలో, అంటే పొలాల్లో, పశువుల వెంట ఉన్నారు. తనిఖీకి వచ్చేవాళ్లు అంత దూరం వెళ్లడం చాలా అరుదు.

ఇక అత్యాశ. 2003లో కెన్యా ప్రాథమిక బడుల్లో ఫీజు ఎత్తేస్తే పది లక్షల మందికి పైగా పిల్లలు కొత్తగా బళ్లో చేరారు. చేర్పించింది ఆ తల్లిదండ్రులే.

అన్నిటికంటే ఎక్కువమంది నమ్మేది కూలి మాట. 2020 లెక్క ప్రకారం బాలకార్మికుల్లో 72 శాతం మంది సొంత కుటుంబం పనిలోనే ఉన్నారు, వాళ్ల చేతికి కూలి అంటూ ఏమీ రాదు. వాళ్ల కష్టం ఇంటికి అక్కరకు రాదని నేను అనడం లేదు. పెద్దవాళ్లను కూలికి పెట్టుకునే స్తోమత లేకో, మనుషులు దొరక్కో పిల్లల్ని దించుతున్నారు. ఘనా, పాకిస్తాన్ పల్లెల్లో పరిశోధిస్తే భూమి ఎక్కువ ఉన్న ఇళ్ల ఆడపిల్లలే ఎక్కువగా పనిలో ఉన్నట్టు తేలింది, కాబట్టి పేదరికం ఒక్కటే కారణం అనడానికీ లేదు. పంట పోయినా, తండ్రి మంచాన పడ్డా, అప్పు మీద పడ్డా ముందు ఆగేది పిల్లల చదువే. మెక్సికో 1997లో మొదలుపెట్టిన పథకంలో పిల్లలు బడికి వెళ్తే తల్లి చేతికి డబ్బిచ్చారు, దాంతో పిల్లల పని తగ్గింది, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు పెరిగారు. పని మాన్పించడం, ఇంటికి ఆసరా ఇవ్వడం, రెండూ కలిపి చేయొచ్చు.

పని నేర్చుకుంటున్నారు అనేవాళ్లు ఒక్కసారి పొగాకు తోట సంగతి వినండి. తెల్లవారుజామున ఆకు మంచుతో తడిసి ఉంటుంది, ఆ తడిలో దిగిన నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, ఆకులు కోసి చంకన పెట్టుకుని నడిచే పిల్లకు కాసేపటికి తల తిరిగి వాంతులవుతాయి, చిన్న ఒళ్లు కాబట్టి ఇంకా తొందరగా. బాలకార్మికుల్లో సగానికి పైగా 5 నుంచి 11 ఏళ్ల వాళ్లే. ఏడేళ్ల పిల్ల ఆ తోటలో మొదటి రోజు ఏం చేసిందో పదేళ్ల తర్వాతా అదే చేస్తుంది, ఆకు కోస్తుంది.