ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ అల్లుడుగారికి

హన్మకొండ

మదర్‌బోర్డు మీద కాపురముంటున్న మహారాజశ్రీ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ అల్లుడుగారికి, మీ మామ రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, నా టేబుల్, నా సీపీయూ డబ్బా క్షేమం. అక్కడ మీరు క్షేమంగానే ఉంటారని నాకు తెలుసు. ఒళ్లు వంచినవాళ్లకే కదా నడుం నొప్పులు.

విడిగా కార్డు కొనకుండా ప్రాసెసర్‌లోనే కలిసివచ్చి తెర మీద బొమ్మ చూపించే మిమ్మల్ని అల్లుడుగారూ అని ఊరికే అనడం లేదు. ఇల్లరికం వచ్చినవాళ్ల లక్షణాలన్నీ మీలో ఉన్నాయి. సొంత ఇల్లు లేదు, సొంత మెమరీ లేదు. తిండి, నిద్ర అన్నీ మామ సంపాదించిన ర్యామ్‌లోనే. 8 జీబీ అని లెక్కపెట్టి డబ్బు కడితే, గడప దాటగానే మీరు 128 ఎంబీ మీ పేరున రాయించుకున్నారు. అది చాలక, అవసరం పడితే తీసుకుంటానని ఇంకో 3.9 జీబీ మీద కన్నేసి కూర్చున్నారు. టాస్క్ మేనేజర్ తెరిచినప్పుడల్లా 'షేర్డ్ జీపీయూ మెమరీ' అని మర్యాదగా కనిపిస్తుంది. షేర్డ్ అంట! దీనికి మా వాడకట్టులో వేరే మాట ఉంది. పెండ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికేవాణ్ణి, ఆ మాట ఇక్కడ రాయలేను.

మన మధ్య ఎక్కడ చెడిందో మీకు గుర్తుండకపోవచ్చు. నాకు గుర్తుంది. 2023 మాఘమాసం, కాజీపేట పెండ్లి. బరాత్‌లో డీజే బండి ముందర పెండ్లికొడుకు మేనమామ తీన్మార్ అందుకున్నాడు. నెత్తికి కండువా, పండ్ల మధ్య పది రూపాయల నోటు. కుడిచెయ్యి పైకి లేపాడు. అంతే, నా మానిటర్ మీద ఆ చెయ్యి మళ్లీ దిగలేదు. డప్పు మోగుతూనే ఉంది, పాట చరణం దాటి పల్లవికి వచ్చింది, ఆయన మాత్రం చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసులాగా చెయ్యెత్తి నిలబడ్డాడు. నాలుగు సెకన్ల తరువాత ఒక్కసారిగా జనరేటర్ పక్కన తేలాడు. పెండ్లికొడుకు తండ్రి నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. కాసేపు చూసి, "మా బామ్మర్ది గంత దూరం దుంకలేదు గద తమ్మీ" అన్నాడు.

ఒట్టి క్లిప్పు అయితే మీరు బాగానే ఆడించేవారు, అది ఒప్పుకుంటాను. దాని మీద కాస్త రంగు దిద్ది, పేర్ల టైటిల్ పెట్టగానే మీకు ఆయాసం వచ్చేది. ప్రివ్యూ నాణ్యత పావుకు దించితే కదిలేవారు, కానీ అప్పుడు రామప్ప ముందర తీసిన ప్రీవెడ్డింగ్‌లో గుడి ఏదో, పక్కనున్న పొద ఏదో తెలిసేది కాదు. మిమ్మల్ని ఇంటికి తెచ్చిన 2021లోనే రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది. అప్పటినుంచి ప్రతి జంటకూ అక్కడే షూట్ కావాలి. ఎనిమిది వందల ఏండ్ల కిందట ఉలితో అంత సన్నగా చెక్కినవాళ్లు, వాళ్ల పనితనాన్ని మీరు ఇటుక ముక్కల్లాగా చూపించడం చూస్తే ఏమనుకునేవారో. ఇక రెండర్, అంటే ఎడిట్ అయిన వీడియోను ఒక్క ఫైలుగా వండే సంగతి. రాత్రి పెట్టి పడుకుని, తెల్లారి భద్రకాళి గుడికి వెళ్లి, వస్తూ టిఫిన్ చేసి ఇంటికి చేరినా 61 శాతం.

తప్పు మీ ఒక్కరిదే అనను. 2021లో కార్డుల కరువు. ఈథీరియం అనే డిజిటల్ నాణేన్ని కంప్యూటర్ లెక్కలతో తవ్వేవాళ్లు దొరికిన గ్రాఫిక్ కార్డునల్లా ఎత్తుకుపోతుంటే, మిగిలిన ఒకటీ అరా రెట్టింపు ధర పలికేది. చివరికి ఎన్విడియా తన కొత్త కార్డుకు తానే బ్రేకు బిగించింది. ఈథీరియం తవ్వితే సగం వేగమే వచ్చేలా చేసి అమ్మింది. తన సరుకు సరిగా పనిచేయకుండా చేశానని కంపెనీయే చాటింపు వేసుకోవడం నేను అప్పుడే చూశాను. అలాంటి రోజుల్లో షాపాయన నా భుజం మీద చెయ్యేసి, "కార్డు దేనికే అన్నా? గిండ్లనే ఇన్‌బిల్ట్ ఉంది. ఇరవై వేలు మిగిలినయ్ అనుకో" అన్నాడు. కట్నం అడగని సంబంధం అనుకుని మురిసిపోయాను.

అప్పుడే ఒక సంగతి నా బుర్రకు తట్టాల్సింది. అదే ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అక్షరంతో ఇంకోటి దొరుకుతుంది. దాంట్లో మీరు ఉండరు. ధర వెయ్యో, రెండు వేలో తక్కువ. అంటే ఇంటి అల్లుడి వెల ఎంతో కంపెనీయే చీటీ కట్టి పెట్టింది. నేను చదవలేదు.

మీ వంశం మాత్రం చిన్నదేమీ కాదు. 1999లో ఇంటెల్ 810 చిప్‌సెట్‌లో మీ పెద్దలు మదర్‌బోర్డు అరుగు మీద చాప వేసుకున్నారు. నెట్ సెంటర్ల కాలమంతా అరుగు మీదే గడిచింది. 2010లో ప్రాసెసర్ గడప తొక్కారు. 2011కల్లా ఒకే సిలికాన్ ముక్క మీద, ప్రాసెసర్‌తో కంచం పొత్తు, మంచం పొత్తు. పన్నెండేండ్లలో అరుగు మీదినుంచి పడకగదికి చేరిన చుట్టం మీరే. ఇప్పుడు వెళ్లగొడదామన్నా గోడ పగలగొట్టాలి.

సరే, అల్లుడికి తిండి సరిపోవడం లేదేమోనని మొదట నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. నా దగ్గర 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్. 3200 స్పీడు ర్యామ్ ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 జీబీ దారి. ఆ దారిలోనే ప్రాసెసర్ బండి, మీ బండి. సాయంత్రం ఆరింటికి హన్మకొండ చౌరస్తా ఎలా ఉంటుందో అలాగే. పక్కన ఖాళీగా ఉన్న స్లాట్‌లో అలాంటిదే ఇంకో స్టిక్ గుచ్చితే దారి రెండింతలై 51.2 జీబీ అవుతుంది. గుచ్చాను. మీరు నిజంగానే కాస్త చురుగ్గా తిరిగారు, నేనే ఆశ్చర్యపోయాను. ఎవరైనా మీలాంటి అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని కార్డు కొనాలని ఊగుతుంటే, ముందు ఈ రెండో స్టిక్ పెట్టి చూడమనే చెబుతాను. కానీ 16 జీబీ కాగానే మీ షేర్డ్ లెక్క కూడా 7.9కి పెరిగింది. మామ ఆస్తి పెరిగితే అల్లుడి వాటా పెరగకుండా ఉంటుందా!

మేనమామ చెయ్యి ఈసారి రెండు సెకన్లకే దిగింది. పెండ్లికొడుకు తండ్రికి అదీ నచ్చలేదు.

దాంతో రెండో సంబంధం చూశాను. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం తవ్వకం పద్ధతికే మంగళం పాడింది. ఆ తరువాత ధరలు నేలకు దిగాయి. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ సీటీసీకి పోయాను. కంప్యూటర్ సామాను కొనడానికి వరంగల్ వాళ్లు మొక్కు తీర్చుకున్నట్టు పోయే చోటు అది. ఒక షాపులో సగం ధరకు వాడిన కార్డు చూపించారు. ఫ్యాను రెక్కల మీద నల్లటి జిడ్డు, కింద స్టిక్కర్ ఎండి ముడుచుకుపోయింది. రాత్రీ పగలూ తవ్వకంలో మగ్గినదేమోనని అనుమానం వచ్చి దండం పెట్టి బయటపడ్డాను. ఇంకో చోట కొత్త ఎన్విడియా కార్డు తీసుకున్నాను. సొంత మెమరీ 12 జీబీ. దారి సెకనుకు 360 జీబీ. మీ 51కి పక్కన పెట్టి చూస్తే అది ఓఆర్ఆర్, మీది మా గల్లీ.

అయితే చిన్నల్లుడు కట్నం అడిగే రకం. ఈయనకు 170 వాట్లు కావాలి. స్లాట్ ఇవ్వగలిగేది 75. మిగతాది డబ్బాకు కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ నుంచి వేరే 8 పిన్నుల వైరు మీద రావాలి. నా క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద '450 వాట్స్' అని బంగారు అక్షరాలున్నాయి, ఆ 8 పిన్నుల వైరు మాత్రం లేదు. ఇంటికి వచ్చిన టెక్నీషియన్ తమ్ముడు జేబులోంచి ఒక కన్వర్టర్ తీశాడు. పాత హార్డ్ డిస్కులకు వాడే నాలుగు పిన్నుల వైర్లు రెండింటిని కలిపి 8 చేసే వైరు. "నడుస్తదే అన్నా." నడిస్తే సరే, నడుస్తూ నడుస్తూ పెండ్లి ఫుటేజ్ ఉన్న డిస్కును కూడా తీసుకుపోతే? వద్దన్నాను. కొత్తగా 550 వాట్ల ఎస్ఎంపీఎస్ తెచ్చాను. అది బిగించాక తెలిసింది, కార్డు పొడవుకు క్యాబినెట్‌లోని హార్డ్ డిస్కు గూడు అడ్డం. ఆ గూడు విప్పాం. వెనక రేకు పట్టీలు రెండు స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ వంచి విరిచేటప్పుడు బొటనవేలు తెగింది. అన్నీ అయ్యాక కార్డును స్లాట్‌లో పెట్టి ఒత్తితే చివరనున్న చిన్న క్లిప్పు 'టిక్'మంది. తలుపు గొళ్లెం పడ్డట్టు ఎంత హాయిగా ఉందో ఆ చప్పుడు. రెండు రోజులకు కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కీచుమంటూ ఆరిపోయింది. అదీ మార్చాను. కార్డు మీద పెట్టిన ఖర్చు ఇంట్లో చెప్పాను. మిగతావి విడతల వారీగా చెబుతున్నాను.

మొదటిసారి ఆన్ చేస్తే మానిటర్ మీద 'నో సిగ్నల్'. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, తెర మీద చీకటి. తమ్ముడు అప్పటికే సుబేదారి దాటాడు. ఫోన్ చేస్తే ఒకటే అడిగాడు. "వైరు మీద గుచ్చినవా, కింద గుచ్చినవా?" మీదనే, ఎప్పుడూ గుచ్చేచోట అన్నాను. "గది బోర్డుదన్నా. కిందిదాంట్ల గుచ్చు." మానిటర్ వైరు అలవాటు కొద్దీ మీ ఇంటి గుమ్మానికే తగిలించాను. కార్డు కనబడగానే బోర్డు మిమ్మల్ని పక్కకు జరిపి పడుకోబెట్టిందట. ఎవరూ చెప్పకుండానే మీరు తప్పుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన మీ మీద కొంచెం జాలి కలిగింది. వైరు మార్చగానే పోయింది.

ఆ తరువాత చాలాకాలం మిమ్మల్ని తలవలేదు. రంగు దిద్దినా, టైటిల్ పెట్టినా తెర ఆగలేదు. రెండర్ పెట్టి అన్నం తిని వస్తే అయిపోయేది. మేనమామ చెయ్యి లేపాడు, దించాడు, నడుము తిప్పాడు, నోటు కింద పడింది, వంగి తీసుకున్నాడు. ఆ వంగడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, చెప్పడానికి మొహమాటంగానే ఉంది. నాతో పనిచేసే కెమెరామన్ కొత్త కెమెరా కొన్నాడు. హెచ్.265, 10 బిట్, 4:2:2 అంటాడు. రంగుల వివరం ఎక్కువ దాచుకునే పద్ధతి అది. ఆ క్లిప్పు టైమ్‌లైన్ మీద పెట్టగానే మళ్లీ అదే పాత సినిమా. రంగు దిద్దలేదు, టైటిల్ పెట్టలేదు, ఒట్టి క్లిప్పే ఆడటం లేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ నూరు శాతం కొట్టుకుంటోంది. అరవై వాట్లు ఎక్కువిస్తానన్నా చిన్నల్లుడు మూడు శాతం దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

విచారిస్తే తేలింది ఏమిటంటే, ఆ రకం ఫైలును విప్పే విద్య ఆయనకు రాదు. ఎన్విడియా కార్డుల్లోకి అది 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే వచ్చింది. మీకు మాత్రం వచ్చు. 2021లో కంపెనీ వెయ్యో, రెండు వేలో వెల కట్టిన మీ 11వ తరానికి పుట్టుకతోనే వచ్చు. ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అనలేదేం మీరు?

రాత్రి మిషన్ ఆన్ చేస్తూ డిలీట్ మీట నొక్కి, బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లాను. 'ఐజీపీయూ మల్టీ మానిటర్' అన్నచోట మిమ్మల్ని మళ్లీ లేపాను. టాస్క్ మేనేజర్‌లో ఇప్పుడు ఇద్దరూ కనిపిస్తున్నారు. జీపీయూ 0 మీరు, జీపీయూ 1 ఆయన. విప్పడం మీరు, దిద్దడం ఆయన. మీ పేరు పైన వచ్చినందుకు పొంగిపోకండి, అది వరుస నంబరు మాత్రమే.

బయాస్‌లో మీ పేరున 64 ఎంబీ రాశాను. పాత 128 అడగొద్దు. ఎల్లుండి పరకాల పెండ్లి ఫుటేజ్ వస్తుంది, రెండు కెమెరాలూ కొత్తవే, బరాత్ మూడు గంటలట. మానిటర్ వైరు మాత్రం కిందనే ఉంటుంది. ఆ విషయం ఎత్తొద్దు.

ఇట్లు,
మీ మామ