బిల్లులో లేని ఊరు

"బిల్లు వేయమంటారా, వద్దంటారా?"

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లోని ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో రెండు సీలింగ్ ఫ్యాన్లు బేరమాడి డబ్బు తీయబోతుంటే యజమాని నన్ను అడిగిన మాట ఇది. బిల్లు వద్దంటే ఐదు వేలు. కావాలంటే 18 శాతం జీఎస్టీతో కలిపి 5,900. మంచినీళ్ళు తాగుతారా అని అడిగినంత మామూలుగా అడిగారు. బిల్లు వేయండి అన్నాను. ఆయన పెన్ను తీయలేదు. వెనక్కి తిరిగి గోడ చూపించారు. కొత్తగా వేసిన రంగు కింద నుంచి ఒక మట్టి చార నా ఛాతీ ఎత్తున గది పొడవునా సాగుతోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వచ్చి నిలిచిన ఎత్తు అది.

"అమ్మకం పన్ను కట్టాను, వ్యాట్ కట్టాను, ఇప్పుడు ఇది కడుతున్నాను. కట్టిన డబ్బు ఈ నీళ్ళను ఆపిందా చెప్పండి."

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దీనికి మనవాళ్ళ దగ్గర రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పన్ను ఎగ్గొట్టేవాడు దేశద్రోహి అనేది ఒకటి. లాభం కష్టార్జితం, పన్ను పట్టపగటి దోపిడీ అనేది రెండోది. నోజిక్ అనే అమెరికా తత్వవేత్త 1974లో ఈ రెండో మాటకు పదును పెట్టాడు. సంపాదన మీద పన్ను వెట్టిచాకిరీ లాంటిదే అన్నాడు. విజయవాడ వన్‌టౌన్‌లో ఆయన పేరు వినని వ్యాపారులు కూడా ఆ మాటే తమ మాటల్లో చెబుతుంటారు. ఈ రెండు జవాబుల్లో ఏదీ ఆ గోడ ముందు నిలబడదని నా అభిప్రాయం.

పన్ను కట్టకపోవడమే ధర్మమని నమ్మి నిలబడిన నేల ఇది. ఆ చరిత్ర తెలియకుండా గుంటూరు, కృష్ణా ప్రాంతాల వ్యాపారికి పన్ను నీతి బోధించకూడదు. అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాలలను మునిసిపాలిటీగా చేసి పన్నుల భారం మోపితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్ళు ఖాళీ చేసి, ఊరి బయట రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో నెలల తరబడి కాపురం ఉన్నారు. ఆ ఏడాది చివరలో పెదనందిపాడు ఫిర్కా (కొన్ని గ్రామాల రెవెన్యూ విభాగం) రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టబోమని ప్రకటించారు. మునసబులు, కరణాలు రాజీనామాలు ఇచ్చారు. పల్నాడులో పశువులు అడవిలో మేసినందుకు వేసిన పుల్లరిని ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తూటాలకు బలయ్యాడు.

వీళ్ళెవరూ పన్ను ఎగ్గొట్టలేదు. కట్టం అన్నారు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే నేను చెప్పదలచుకున్న విషయంలో సగం. పెదనందిపాడు రైతు తలుపు తీసి అధికారి ఎదురుగా నిలబడ్డాడు, జప్తుకు సిద్ధపడ్డాడు. పొరుగువాడిమీద భారం వేసి తాను తప్పుకోలేదు. బిల్లు లేకుండా సరుకు కదిలే వ్యాపారాన్ని మన మార్కెట్లలో 'జీరో' అంటారు. జీరో వ్యాపారం ఎవరినీ ఎదిరించదు. చీకట్లో జరుగుతుంది. దాని దెబ్బ కూడా ప్రభుత్వం కన్నా ముందు పక్క దుకాణానికి తగులుతుంది. నాకు ఐదు వేలకు ఫ్యాన్లు ఇచ్చే దుకాణం ఉంటే, నాలుగు అడుగుల అవతల నిజాయితీగా బిల్లు వేసి 5,900 అడిగే దుకాణం ఎన్నాళ్ళు నిలుస్తుంది? స్వేచ్ఛా విపణి కావాలని అడిగేవారు మొదట అసహ్యించుకోవలసింది జీరోనే, ఎందుకంటే అందులో మంచి సరుకూ తక్కువ ధరా గెలవవు, దాచగలిగిన చేయి గెలుస్తుంది.

ఇంకో సంగతి. ఆ తొమ్మిది వందలు ఆయనవి కావు, నావి. ఆయన చేతుల మీదుగా ఖజానాకు వెళ్ళేవి. నా డబ్బును నాకే వదిలేసి ఉపకారం చేస్తున్నానని ఆయన అనుకున్నారు. నా డబ్బుతో పాటు తన అమ్మకాన్నీ, ఆ అమ్మకం మీద వచ్చిన లాభాన్నీ లెక్కల్లోంచి తప్పించాలని కూడా అనుకున్నారు. వరద తరువాత ప్రభుత్వం ఇళ్ళకు సాయం ఇచ్చింది. నేల అంతస్తు ఇంటికి 25 వేల రూపాయలు. వ్యాపార సంస్థలకు మాత్రం టర్నోవర్‌ను బట్టి సాయం నిర్ణయించింది. కాగితం మీద చూపని అమ్మకానికి ఆ లెక్కలో చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఇక లాభం సంగతి. దాన్ని అర్థం చేసుకోవడానికి గుంటూరు మిర్చి యార్డు కన్నా మంచి చోటు నాకు తెలియదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడికి వెళ్ళండి. గేటు దాటకముందే దగ్గు మొదలవుతుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గోడల్లా పేర్చి ఉంటాయి. కొనుగోలుదారు ఒక టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. ఒక కాయను విరుస్తాడు, తొడిమ చూస్తాడు, రంగు చూస్తాడు, తేమ ఉందేమోనని వేళ్ళ మధ్య నలుపుతాడు. తరువాత ఒక ధర చెబుతాడు. అంతా కలిపి అరనిమిషం. ఎదురుగా నిలబడిన రైతు ఆ అరనిమిషం కోసం ఎనిమిది నెలలు ఎదురుచూశాడు.

వ్యాపారి ఆ సరుకు కొని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ధర పెరిగాక అమ్ముతాడు. ఇందులో పాపం ఏముందని అడిగితే, ఏమీ లేదనే అంటాను. ధర పెరగకపోతే నష్టం అతడిదే. 2023లో తేజ రకం మిర్చి క్వింటాలు 20 వేల రూపాయలు దాటింది. 2025 ఫిబ్రవరికి ధరలు ఎంత పడిపోయాయంటే, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి 2.91 లక్షల టన్నులకు దాన్ని వర్తింపజేయవలసి వచ్చింది. పెరుగుతుందని సరుకు దాచుకున్నవాళ్ళను ఆ రెండేళ్ళు ఏం చేసి ఉంటాయో ఊహించుకోవచ్చు. రైతు పండించిన కాయ చైనా దాకా వెళ్ళాలంటే ఈ తెగువ ఎవరో ఒకరు చూపాలి. దానికి వచ్చే లాభాన్ని దోపిడీ అనడం, వ్యాపారం అంటే ఏమిటో తెలియని మాట.

తరుగు పేరుతో బస్తాకు ఇంతని కోసే బరువు, మచ్చు పేరుతో తీసుకుని తిరిగి ఇవ్వని కాయలు వేరు. అవి లాభం కింద లెక్కలోకి రావు. వాటి గురించి వాదనే అక్కర్లేదు.

కష్టమైన ప్రశ్న ఈ రెండింటి మధ్యలో ఉంది. ఆ అరనిమిషంలో రైతు "ఈ ధరకు ఇవ్వను" అనగలడా? లారీ కిరాయి అయిపోయింది. కోత కూలీలకు బాకీ ఉంది. పెట్టుబడికి అప్పు ఇచ్చిన కమీషన్ వ్యాపారి దగ్గరే సరుకు దించాడు. కౌలు రైతు అయితే పొలం యజమానికి కౌలు డబ్బు కూడా చూసుకోవాలి. ఆ రోజే అమ్మకపోతే అతడికి దారి లేదు. కొనేవాడికి మాత్రం రేపు ఉంది, ఎల్లుండి ఉంది, కోల్డ్ స్టోరేజీలో చోటు ఉంది. స్వేచ్ఛా విపణిలో స్వేచ్ఛ అంటే నాకు తెలిసిన అర్థం ఒకటే: అమ్మను అని చెప్పి ఇంటికి వెళ్ళగలగడం. ఒకరు ఆగగలిగి, ఇంకొకరు ఆగలేనప్పుడు కుదిరిన ధరలో కొంత భాగం సరుకుది, కొంత భాగం ఆ ఆగలేనితనానిది. ఆ రెండో భాగం మీద వచ్చిన లాభం నాకు మింగుడుపడదు. ఆ వ్యాపారి చెడ్డవాడు కానక్కర్లేదు. అతడి స్థానంలో నేను ఉన్నా ఆ ధరే చెబుతానేమో. అందుకే దీన్ని వ్యక్తి మంచితనానికి వదిలేయలేం. నిల్వ పెట్టుకున్న సరుకు మీద రైతుకు తక్కువ వడ్డీకి అప్పు దొరికితే, మధ్యలో అప్పు తాడు లేకపోతే, అదే వ్యాపారి అదే యార్డులో నలుగురూ ఒప్పుకునే లాభం సంపాదిస్తాడు.

బుడమేరు ఒడ్డున వచ్చిన లాభాలు ఇంకో రకం. నీరు వెళ్ళవలసిన దారిని పూడ్చి స్థలాలుగా అమ్మినవారికి వచ్చింది కూడా కాగితం మీద లాభమే. కొన్నవాడు ఇష్టపడే కొన్నాడు, అమ్మినవాడు ఇష్టపడే అమ్మాడు. ఇద్దరి మధ్య ఒప్పందం చక్కగా ఉంది. కానీ ఆ ఒప్పందంలో లేని మూడోవాడి ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. లాభం పంచుకున్నది ఇద్దరైతే నష్టం వాడలకు వాడలు పంచుకున్నాయి.

ఆగలేనివాడు ఎవరు అన్న ఈ కొలతనే పన్నుకు కూడా పెట్టి చూడండి. నాకు అసలు కోపం అక్కడే వస్తుంది.

2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిర్చి పొలాలను కమ్మేసినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగుమందుల మీద జీఎస్టీ 18 శాతం. వ్యాపారి అయితే తాను కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి మినహాయించుకుంటాడు. జీఎస్టీ నడిచేదే ఆ పద్ధతి మీద. రైతు ఆ గొలుసులో లేడు. కట్టిన 18 శాతం అతడికి తిరిగి రాదు, పెట్టుబడిలో కలిసిపోతుంది. పంట పోయినా ఆ పన్ను పోదు. మరోవైపు వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. వినడానికి రైతుకు మేలు చేసే మాటలా ఉంటుంది. చెమటోడ్చిన కౌలు రైతుకు పన్ను వేయదగిన ఆదాయమే మిగలదు. పట్నంలో కూర్చుని పొలాలను కౌలుకు ఇచ్చిన యజమానికి మాత్రం ఆ మినహాయింపు నిక్షేపంలా ఉపయోగపడుతుంది.

2015 బడ్జెట్‌లో సంపద పన్ను రద్దయింది. 2019 సెప్టెంబరులో కంపెనీల ఆదాయపు పన్ను మూల రేటును 30 శాతం నుంచి 22 శాతానికి, కొత్తగా పెట్టే తయారీ సంస్థలకు 15 శాతానికి తగ్గించే వీలు కల్పించారు. తగ్గించకపోతే పెట్టుబడి వేరే దేశానికి పోతుందన్నారు. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ వాదనకు అర్థం ఏమిటి? పెట్టుబడికి కాళ్ళు ఉన్నాయి, అది వెళ్ళిపోగలదు, ఆగగలదు. పురుగుమందు డబ్బా కొనే రైతు ఎక్కడికీ వెళ్ళలేడు. యార్డులో ధర ఎవరిమీద వాలుతుందో పన్ను కూడా వాడిమీదే వాలుతోంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లను సరళం చేసి చాలా వస్తువులను 5 శాతంలోకి తెచ్చారు. సబ్బు, టూత్‌పేస్టు కొనేవాళ్ళకు అది నిజమైన ఊరట, కాదనను. రసాయన పురుగుమందులు 18 శాతంలోనే ఉండిపోయాయి.

అలాగని ధనికుడిని పిండితే సరిపోతుందనే వాదన నాది కాదు. 1973-74లో ఈ దేశంలో ఆదాయపు పన్ను పై అంచు సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతానికి చేరింది. నూటికి రెండేకాలు మిగులుతుందంటే నిజం చెప్పేవాడు ఎవడు? దుకాణాల్లో రెండు చిట్టాలు రాసే అలవాటు బలపడింది. నేటి జీరో వ్యాపారం ఆ చిట్టాల మనవడే.

"నా లాభం పూర్తిగా నాది" అనే వ్యాపారికి మాత్రం ఒక మాట చెప్పాలి. కృష్ణ మీద 1855లో పూర్తయిన ఆనకట్ట డెల్టాకు నీళ్ళు ఇచ్చింది. ఆ పంటల మిగులుతోనే విజయవాడ, గుంటూరుల్లో వర్తకం పెరిగింది. 1952లో ఆనకట్టకు గండి పడితే ప్రకాశం బ్యారేజీ కట్టి 1957లో జాతికి ఇచ్చారు. ఏ వ్యాపారీ ఒక్కడే దాన్ని కట్టలేడు. యార్డూ, అందులోని కాటా, చెల్లని చెక్కు ఇచ్చినవాడిని బోనెక్కించే కోర్టూ అందరి డబ్బుతో నడుస్తున్నాయి. వీటిని తీసేస్తే మిగిలేది స్వేచ్ఛా విపణి కాదు, కర్ర ఉన్నవాడి సంత. లాభంలో వీటి వాటా ఉంది. ఆ వాటా పేరే పన్ను.

వాటా అడిగేవాడికి లెక్క చెప్పే బాధ్యత ఉంటుంది. చట్టం లేనిదే పన్ను లేదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. పెదనందిపాడు అడిగినదానిలో సగం అలా తీరింది. తీసుకున్న డబ్బు ఏమైందో కట్టినవాడికి తెలియాలన్న రెండో సగం ఇంకా తీరలేదు. విజయవాడ వాననీటి కాలువల కోసం కేంద్రం 461 కోట్ల రూపాయలు ఇచ్చింది. ఆ పని పూర్తి కాకముందే 2024 వరద వచ్చేసింది. ఎన్ని కిలోమీటర్లు తవ్వారు, ఎక్కడ ఆగింది, ఎవరి వల్ల ఆగింది అనేది సింగ్‌నగర్ కూడలిలో ఒక బోర్డు మీద రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ బోర్డు లేదు కాబట్టి గోడ మీద చారే జనానికి లెక్కపత్రం అయింది.

ఆ రోజు ఆయన చివరకు బిల్లు పుస్తకం తీశారు. పాతవి నీళ్ళలో పోయాయట, ఇది కొత్తది. కార్బన్ కాగితం సర్ది, నా పేరు రాసి, రెండు ఫ్యాన్లు అని రాసి, కింద లెక్క వేశారు. కేంద్ర జీఎస్టీ 450. రాష్ట్ర జీఎస్టీ 450. మొత్తం 5,900. కాగితం చించి ఇవ్వబోతూ ఆగి, ఆ రెండు అంకెల మీద పెన్ను పెట్టి చూపించారు.

"ఢిల్లీకి ఒక గడి ఉంది, అమరావతికి ఒక గడి ఉంది. మా వీధి కాలువ తీయాల్సిన కార్పొరేషన్‌కు గడి ఏదండీ?"

సినిమా టిక్కెట్టు మీద వినోదపు పన్ను ఉన్న రోజుల్లో అందులో స్థానిక సంస్థలకు వాటా వచ్చేదనీ, 2017లో అది జీఎస్టీలో కలిసిపోయిందనీ, ఇప్పుడు నగరానికి నేరుగా వచ్చే పెద్ద పన్ను ఇంటి పన్నేననీ చెప్పాను. ఆయన తల ఊపి, ఫ్యాన్ల అట్టపెట్టెలకు పురికొస కట్టడం మొదలుపెట్టారు. కింది అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. సరుకంతా చారకు పైనే సర్దుకున్నారు.