కళ్ళకద్దుకోవడం గారికి, తిరుపతి నుంచి

కళ్ళకద్దుకోవడం గారికి,

నమస్కారం. పూజించడం, ఆరాధించడం, కొలవడం... మీవాళ్ళంతా పెద్ద హోదాల్లో ఉన్నారు. వాళ్ళకి పూలు కావాలి, మంత్రాలు కావాలి, టైమ్ కావాలి. మీకు రెండు చేతులు, అర సెకను చాలు. అందుకే మా ఊళ్ళో మీకున్న గిరాకీ ఇంకెవరికీ లేదు.

వ్యాకరణం ప్రకారం మీరు సకర్మక క్రియ. ఇక్కడ ఏదైనా మీ కర్మే. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ఆవిడ చేతికొచ్చిన బోణీ నోటు. పొరపాటున కాలు తగిలిన పుస్తకం. (కాలు తగలకపోతే దాన్ని ముట్టుకునేవాళ్ళే లేరు, అది వేరే సంగతి.) పక్కింటివాళ్ళు కొండ మీంచి తెచ్చిన లడ్డూ ముక్క. లడ్డూకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరుతో ఇంకెవరూ చేసి అమ్మకూడదు. తిన్నాక కాలవలోకి విసిరిన కవరు ఎవరిదో మాత్రం ఏ గుర్తింపూ ఉండదు.

అలిపిరి మెట్లు 3,550. వంగి వంగి ఒక్కో మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి ఎక్కే భక్తులున్నారు, వాళ్ళ నడుములకి నా దండం. వాళ్ళ వెనకే వచ్చే మహానుభావుడు మొదటి మెట్టుని తాకి కళ్ళకద్దుకుంటాడు, కాస్త పైకెళ్ళాక కుంకుమ బొట్టు పక్కనే చిప్స్ ప్యాకెట్ పడేస్తాడు. చెయ్యి ఒకటే, డ్యూటీలు రెండు.

ఇదంతా చిల్లర. మీతో నా అసలు పేచీ వేరే. జీతం ఆలస్యమై, అదీ కోతపడి వచ్చిన రోజున మేనేజరు నోట మీరు వినిపిస్తారు: "ఇచ్చింది కళ్ళకద్దుకుని తీసుకోవయ్యా!" అన్నలు మూడంతస్తుల ఇల్లు పంచుకుని చెల్లెలికి పట్టుచీర పెడితే, పెద్దమనుషులు చెప్పేదీ అదే: "కళ్ళకద్దుకుని పుచ్చుకోమ్మా." ఈ వాడుకలో మీరు ఎప్పుడూ ఇచ్చేవాడి పక్షమే. పైగా ఆజ్ఞార్థకం. "ఈ నెల అద్దె ఇంతే సార్, కళ్ళకద్దుకుని తీసుకోండి" అని మా ఓనరుతో ఒక్కసారి నన్ను అననివ్వండి చూద్దాం. సాయంత్రానికి నా సామాన్లు వీధిలో ఉంటాయి.

కాబట్టి ఒక విన్నపం. లడ్డూ దగ్గరికి, నోటు దగ్గరికి, మెట్ల దగ్గరికి హాయిగా వెళ్ళండి. జీతాల రోజున, ఆస్తి పంపకాల రోజున మాత్రం సెలవు పెట్టండి. ఆ మేనేజరు ఇంకో క్రియాపదం వెతుక్కుంటాడు. "ఇవ్వడం" అని ఒకటుంది. నిఘంటువులో మీకంటే ముందే ఉంటుంది.

ఇట్లు,
బైరాగిపట్టెడలో అద్దెకుండేవాడు