పెద్ద టైర్లు, చిక్కటి ఆయిల్, ‘ముట్టుకోకూడని’ గేర్‌బాక్స్: ఆ మెసేజ్ నమ్మి బండి పాడుచేసుకోకండి

మా తమ్ముడు ఈ మధ్యే మిడ్‌సైజ్ ఎస్‌యూవీ కొన్నాడు. బండి ఇంటికొచ్చిన వారానికే ఒక మెసేజ్ ఫార్వర్డ్ చేసి, “అన్నయ్యా, ఇవన్నీ చేయించేయనా?” అని అడిగాడు. అదే మెసేజ్ అప్పటికే ఇంకో ముగ్గురి దగ్గర్నుంచి నాకు వచ్చి ఉంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి చిన్న టైర్లు, నీళ్లలాంటి ఆయిల్, మసక లైట్లు పెట్టి బండి ఇస్తాయట. కాబట్టి కొనగానే ఒక సైజు పెద్ద టైర్లు వేయించాలి, రెండంగుళాలు ఎత్తు పెంచాలి, హెడ్‌లైట్లలో ఎల్ఈడీ బల్బులు, ఇంజన్‌కి ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టించాలి, చిక్కటి ఆయిల్ పోయించాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం బండి ఉన్నంతకాలం మార్చకూడదు. టైర్లు అరిగితే నాలుగూ అక్కర్లేదు, ముందు రెండూ మారిస్తే సరిపోతుంది.

తమ్ముడికి ఫోన్‌లో గంటసేపు చెప్పాను. ఆ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో కొన్ని పనులు డబ్బు దండగతో ఆగవు, ప్రాణం మీదికి తెస్తాయి.

ఈ సలహాలు గాల్లోంచి పుట్టినవి కావు. నిచ్చెనలాంటి ఇనప ఫ్రేమ్ మీద బాడీని కూర్చోబెట్టే బళ్లు ఉన్నాయి. కొండదారుల్లో, బురదలో తిరగడానికి వాటిని ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. చిక్కటి ఆయిల్ మాట పాత ఇంజన్ల కాలం నాటిది. కానీ ఇప్పుడు మనం మిడ్‌సైజ్ ఎస్‌యూవీ అంటున్న వాటిలో ఎక్కువ భాగం మోనోకాక్ బళ్లు. అంటే ఫ్రేమూ బాడీ ఒకటే, ఇంజన్ అడ్డంగా ఉంటుంది, లాగేది ప్రధానంగా ముందు చక్రాలు. పేరుకి ఎస్‌యూవీయే గానీ లోపలి నిర్మాణం కారుది. ఒక రకం బండికి పుట్టిన మందు ఇంకో రకం బండికి పోస్తున్నాం.

మొదట టైర్ల సంగతి. ఎక్కువమంది చేసేదీ, నేనూ చేసి నష్టపోయిందీ అదే. 235/65 ఆర్17 (వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు) టైరు మొత్తం ఎత్తు దాదాపు 737 మిల్లీమీటర్లు. దాని బదులు 265/65 ఆర్17 వేస్తే 776 అవుతుంది. చూడ్డానికి బండి దర్జాగా ఉంటుంది, కాదనను. కానీ బండి అడుగు భాగం నేల నుంచి లేచేది ఆ తేడాలో సగమే. రెండు సెంటీమీటర్లు కూడా నిండదు. చక్రం చుట్టుకొలత మాత్రం 5 శాతానికి పైగా పెరుగుతుంది. స్పీడోమీటరు చక్రం తిరిగిన చుట్లనే లెక్కేస్తుంది, దానికి టైరు మారిన సంగతి తెలియదు. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 చెబుతుంది. అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపించేలా పెడతాయి. ఆ జాగ్రత్తని ఈ 5 శాతం మింగేస్తుంది. ఓడోమీటరు 10,000 చూపించేసరికి బండి 10,500 పైనే తిరిగి ఉంటుంది, సర్వీసు ఆ మేరకు ఆలస్యమవుతుంది. పెద్ద టైర్లు వేశాక మైలేజ్ పడిపోయిందని బాధపడేవాళ్ల లెక్కలో కొంత తేడా నిజానికి ఈ తప్పు కిలోమీటర్లదే. మిగతాది మాత్రం నిజమైన నష్టమే.

బ్రేకుల మాట ఇంకా ముఖ్యం. డిస్కూ ప్యాడ్లూ పాతవే, చక్రం మాత్రం పెద్దదైంది. పెడల్ అంతే బలంగా తొక్కినా రోడ్డు మీద టైరు బండిని ఆపే శక్తి దాదాపు 5 శాతం తగ్గుతుంది. పైగా ఒక్కో టైరు కొన్ని కిలోలు బరువెక్కుతుంది. ఆ బరువుని తిప్పాలన్నా ఆపాలన్నా శ్రమే.

నాలుగేళ్ల క్రితం నేనూ ఒక సైజు పెంచాను. ఒక్కణ్నే తిరిగినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఇంటిల్లిపాదీ ఎక్కి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ తీసిన రోజున ముందు ఎడమ చక్రం దగ్గర గరగరమని చప్పుడు. చక్రం విప్పించి టార్చి వేసి చూస్తే, వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ లైనర్ అరచేయంత మేర నున్నగా అరిగి మెరుస్తోంది. మధ్యలో చొక్కా బొత్తాం అంత కన్నం. ఆ కన్నం వెనకాలే వేలెడు దూరంలో ఏబీఎస్ సెన్సార్ వైరు. ఇంకొన్నాళ్లు అలాగే తిప్పి ఉంటే టైరు ఆ వైరుని కోసేసేది. వారంలో పాత సైజుకి వచ్చేశాను. టైరు మార్చాలనిపిస్తే అదే సైజులో మంచి రకం తీసుకోండి. తడి రోడ్డు మీద పట్టు, బ్రేకింగ్ దూరం అక్కడే మెరుగవుతాయి. నా లెక్కలో ఎస్‌యూవీకి అంతకన్నా మంచి అప్‌గ్రేడ్ లేదు.

ఎత్తు పెంచడం గురించి. స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే భాగం) పైన స్పేసర్ అనే దిమ్మ పెట్టి రెండంగుళాలు లేపితే ఇంజన్, గేర్‌బాక్స్ బాడీతో పాటే పైకి లేస్తాయి. చక్రాలు నేల మీదే ఉంటాయి. ఆ రెంటినీ కలిపే డ్రైవ్ షాఫ్టులు ఇదివరకటి కన్నా ఎక్కువ వాలుగా తిరగాల్సి వస్తుంది. వాటి చివరి జాయింట్లు త్వరగా అరుగుతాయి, రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్ముతుంది. ఫ్రేమ్ బళ్లలో సస్పెన్షన్ మార్పుకి చోటూ విడిభాగాలూ ఉంటాయి, ఇక్కడ అంత వెసులుబాటు లేదు. బరువు కేంద్రం పైకి పోతుంది కాబట్టి మలుపులో బండి ఎక్కువ వాలుతుంది. అద్దం వెనక కెమెరా, ముందు రాడార్ ఉన్న బండైతే అవి చూసే కోణం కూడా మారిపోతుంది, మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి. వెనక భాగం దిగిపోయినట్టు ఉందని ఎత్తు పెంచేవాళ్లూ ఉన్నారు. మొదట స్ప్రింగులు కుంగాయేమో, షాక్ అబ్జార్బర్లు ఆయిల్ కారుతున్నాయేమో చూపించండి. చాలాసార్లు కావాల్సింది రిపేరే.

హాలోజన్ హెడ్‌లైట్‌లో ఎల్ఈడీ బల్బు పెట్టిన మొదటి రాత్రి సంబరంగా ఉంటుంది. తెల్లటి వెలుగు, బానెట్ ముందంతా పట్టపగలు. చిక్కు అక్కడే ఉంది. ఆ రిఫ్లెక్టర్ వంపు మొత్తం సన్నటి ఫిలమెంట్ తీగ సరిగ్గా ఒకచోట ఉంటుందన్న లెక్కతో చేసింది. బల్లపరుపు చిప్పులున్న ఎల్ఈడీ బల్బు ఆ తీగ ఉన్నట్టుగా వెలగదు. వెలుగు చెదిరి దగ్గర పడుతుంది, కొంత పైకి ఎగజిమ్ముతుంది. దగ్గర్లో వెలుగు ఎక్కువైతే మన కంటిపాప చిన్నదై దూరం ఇంకా తక్కువ కనిపిస్తుంది. ఎస్‌యూవీ లైట్లు అసలే ఎత్తులో ఉంటాయి, ఎదురుగా చిన్న కారులో వచ్చేవాడి కళ్లలోకే పోతాయి. ఒక్క క్షణం కళ్లు చీకట్లు కమ్మినా అవతలివాడు మన మీదికే రావచ్చు. లైట్లు మసకగా ఉంటే పసుపెక్కిన లెన్స్‌ని పాలిష్ చేయించండి, అరిగిన బల్బులు జతగా మార్చండి, గోడ ముందు బండి నిలిపి వెలుగు ఎక్కడ తెగుతోందో చూసి ఎత్తు సరిచేయించండి.

ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ మీద ఎక్కువ మాట్లాడక్కర్లేదు. శబ్దం పెరుగుతుంది, దాన్నే పికప్ అనుకుంటాం. కంపెనీ గొట్టం ముందు నుంచి చల్లటి గాలి తెస్తుంది, ఓపెన్ ఫిల్టర్ బానెట్ కింద వేడి గాలి పీలుస్తుంది. నూనె రాసే రకమైతే ఆ నూనె ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్ మీద పేరుకుని తప్పు రీడింగ్ ఇప్పిస్తుంది. మామూలు పేపర్ ఫిల్టర్ టైముకి మార్చుకుంటే చాలు.

చిక్కటి ఆయిల్ వాదనలో సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. 0డబ్ల్యూ-20 (చివరి అంకె వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే గ్రేడ్) లాంటి పల్చటి ఆయిళ్లు రావడానికి మైలేజ్ నిబంధనలు ఒక కారణం, అది వాస్తవం. కానీ ఆయిల్ మార్చి ఇంజన్‌ని అలాగే ఉంచలేదు. బేరింగుల సందులు, పంపు, వాల్వ్ టైమింగ్ మార్చే యంత్రాంగంలోని సన్నటి దారులు అన్నీ ఆ ఆయిల్‌కి తగ్గట్టు చేశారు. 100 డిగ్రీల దగ్గర 50 గ్రేడ్ ఆయిల్ 20 గ్రేడ్ కన్నా రెట్టింపు చిక్కగా ఉంటుంది. దాన్ని పోస్తే ప్రెజర్ ఎక్కువ కనిపిస్తుంది, కానీ ప్రెజర్ పెరిగినంత మాత్రాన ఆయిల్ ఎక్కువ పారుతోందని కాదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఆ కొద్ది క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ, అప్పుడే చిక్కటి ఆయిల్ పై భాగాలకి ఆలస్యంగా చేరుతుంది. బరువులు లాగడానికో, విపరీతమైన ఎండకో కొన్ని మాన్యువళ్లు ఒక మెట్టు చిక్కటి గ్రేడ్‌ని అనుమతిస్తాయి. ఆ పట్టికలో ఉన్నదైతే నిశ్చింతగా పోయించుకోండి.

గ్రేడ్ ఒక్కటే చూస్తే కూడా సరిపోదు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. డీపీఎఫ్‌లో చేరిన మసి కాలిపోతుంది, ఆయిల్‌లోంచి వచ్చిన బూడిద మాత్రం కాలదు, అక్కడే గడ్డకట్టుకుపోతుంది. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో తక్కువ వేగంలో గట్టిగా తొక్కినప్పుడు ఇంధనం ముందే అంటుకునే సమస్య ఒకటుంది, అది పిస్టన్లని పగలగొట్టగలదు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ నాణ్యతా ప్రమాణంలో దానికి వ్యతిరేకంగా పరీక్ష ఉంది. డబ్బా వెనక ఆ అక్షరాలు చూసి కొనాలి.

ఇక గేర్‌బాక్స్ ఆయిల్. కొన్ని మాన్యువళ్లలోనే అది జీవితకాలం పనిచేస్తుందని రాసి ఉంటుంది, మెసేజ్ రాసినవాళ్ల తప్పు మాత్రమే కాదు. కానీ ఎన్నో కంపెనీలకి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసిచ్చే జెడ్‌ఎఫ్ సంస్థ ఏమంటుందో చూడండి. నడిపే తీరుని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకి ఆయిల్ మార్చమని చెబుతుంది. గేర్‌బాక్స్ తయారుచేసినవాళ్లే మార్చమంటే, ముట్టుకోవద్దన్న ఫార్వర్డ్‌ని ఎలా నమ్ముతాం?

నా బండి 90,000 దాటాక, నెమ్మదిగా సాగుతూ యాక్సిలరేటర్ కొంచెం తాకితే సన్నటి వణుకు మొదలైంది. గరుకు రోడ్డు మీద పోతున్నట్టు ఒకటి రెండు సెకన్లు వణికి ఆగేది. ఇంజన్ మౌంట్లు అన్నారు ఒకరు, చక్రాల బ్యాలెన్సింగ్ అన్నారు ఇంకొకరు. చివరికి ఒక మెకానిక్ ఆయిల్ చూద్దామన్నాడు. పాన్ విప్పి, దిగిన ఆయిల్ని ఒక గాజు సీసాలో, కొత్తదాన్ని ఇంకో సీసాలో పోసి పక్కపక్కన పెట్టాడు. కొత్తది దానిమ్మ రసంలా ఎర్రగా, అవతల వెలుతురు కనిపిస్తోంది. పాతది నల్లటి డికాషన్. పాన్ అడుగున అయస్కాంతాలకి మెత్తటి బూడిదరంగు ముద్ద పట్టుకుని ఉంది. “గరుకు ముక్కలు లేవు సార్, అదృష్టం” అన్నాడు వేళ్ల మధ్య నలిపి చూసి. కొత్త ఆయిల్ నింపాక స్కానర్ పెట్టి, గేర్‌బాక్స్ వేడి మాన్యువల్ చెప్పిన డిగ్రీలకి వచ్చేదాకా కాచుకుని, ఇంజన్ ఆన్‌లో ఉండగానే లెవెల్ ప్లగ్ తీశాడు. ధారగా కారిన ఆయిల్ చుక్కలుగా మారగానే బిగించాడు. వణుకు తగ్గింది. పాన్ విప్పితే దిగేది సుమారు సగం ఆయిలే, మిగతాది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లాంటి చోట్ల ఉండిపోతుంది. అందుకే కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి మార్పించాను. ఆ వణుకు మళ్లీ రాలేదు.

“మా బంధువు ఆయిల్ మార్పిస్తే గేర్‌బాక్సే పోయింది” అనే మాట మీరూ వినే ఉంటారు. అబద్ధం కాదు. అలాంటి బళ్లు ఎక్కువగా గేర్ జారడం మొదలయ్యాక వెళ్లినవే. అప్పటికే క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి, కొత్త ఆయిల్ వాటిని బతికించలేదు. ఇంకొన్నిట్లో తప్పు ఆయిల్ పోశారు. ఆటోమేటిక్‌లలోనే రకాలున్నాయి: సీవీటీకి వేరు, టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్‌కి వేరు, డ్యూయల్ క్లచ్‌కి వేరు. అన్నిటికీ పనికొస్తుందని చెప్పే డబ్బాని దగ్గరికి రానివ్వకండి.

చివరగా, ముందు రెండు టైర్లు మారిస్తే చాలన్న మాట. రెండే కొనగలిగితే అవి వెనక్కి వెళ్లాలి, ముందుకి కాదు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలాసార్లు దారికొస్తుంది. వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవర్ దాన్ని పట్టుకోలేడు.

ఆల్ వీల్ డ్రైవ్ బండైతే రెండు మార్చడమే ప్రమాదం. ఇందాకటి 737 మిల్లీమీటర్ల టైరునే తీసుకోండి. కొత్తదానికి 8 మిల్లీమీటర్ల గాడి, పాతదానికి 3 మిగిలిందనుకుంటే, పాత చక్రం ప్రతి కిలోమీటరుకీ దాదాపు 6 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. 300 కిలోమీటర్ల ప్రయాణంలో 1,800 చుట్లు. ముందూ వెనకా చక్రాల్ని కలిపే క్లచ్ కప్లింగ్ పట్టుకున్నప్పుడల్లా ఈ తేడాని జారుతూ, వేడెక్కుతూ భరించాలి. అందుకే చాలా కంపెనీలు నాలుగు టైర్ల గాడుల లోతులో రెండు మూడు మిల్లీమీటర్లకి మించి తేడా ఉండొద్దంటాయి. ఒక్క టైరే పగిలి, మిగతా మూడూ సగం అరిగి ఉంటే, కొత్త టైరుని వాటి మందానికి సమంగా చెక్కి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. తమ్ముడికి ముందుగా గాడి లోతు కొలిచే ఒక చిన్న ట్రెడ్ డెప్త్ గేజ్ కొనుక్కోమన్నాను. ప్రతి టైరునీ లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున మూడుచోట్ల కొలిచి రాసుకోమన్నాను. నిన్న రాత్రి పన్నెండు అంకెలూ ఫొటో తీసి పంపాడు.