కమిషనర్ గారి కొలువులో టైట్ ఎండ్ పంచాయితీ

మూడేళ్లుగా మా అమ్మ విజయవాడలో "మావాడు అమెరికాలో కమిషనర్" అని చెప్పుకుంటోంది. అందులో అబద్ధమేమీ లేదు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో పన్నెండు మంది ఆడే ఒక ఫాంటసీ ఫుట్‌బాల్ లీగుకి నేను కమిషనర్‌ని. జీతం లేదు, బంట్రోతు లేడు, బుగ్గకారు లేదు. ఉన్నదల్లా సెట్టింగుల పేజీ మీద అధికారం. ఆ పేజీలో 'పొజిషన్లు' అని ఒక మూల ఉంటుంది. అక్కడ ఒక్క అంకె మార్చానంటే సెప్టెంబరు నుంచి పన్నెండు ఇళ్లలో ఆదివారాలు పాడవుతాయి. ఇంత బాధ్యత కలెక్టరుకైనా ఉండదని నా నమ్మకం.

తెలియనివారికి రెండు ముక్కలు. ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో తక్కువ, చేత్తో ఎక్కువ ఆడేది. దాని పెద్ద లీగు ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లు. వాటిలోని ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకుని (దీన్నే డ్రాఫ్ట్ అంటారు) మనం కాగితం మీద జట్టు కడతాం. ఆదివారం వాళ్లు పరిగెడితే పాయింట్లు మనకి, నొప్పులు వాళ్లకి. క్రికెట్ ఫాంటసీలో కీపర్, బ్యాటర్, ఆల్‌రౌండర్, బౌలర్ అని నాలుగే గదులు. ఇక్కడ మామూలు లెక్క ప్రకారం తొమ్మిది కుర్చీలు: బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఒకడు, బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు ఇద్దరు, విసిరిన బంతిని పట్టే వైడ్ రిసీవర్లు ఇద్దరు, టైట్ ఎండ్ ఒకడు (వాడి సంగతి తర్వాత చెబుతాను), బంతిని తన్నే కిక్కర్ ఒకడు, ఒక జట్టు డిఫెన్సు మొత్తానికి కలిపి ఒకటి, ఆపైన ఫ్లెక్స్. ఫ్లెక్స్ అంటే పెళ్లి బస్సులో డ్రైవర్ పక్కన ఇంజన్ మీది సీటు. రన్నింగ్ బ్యాకో, రిసీవరో, టైట్ ఎండో, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు కూర్చుంటారు.

మా లీగులో ప్రతివాళ్లూ నిరుటి ఆటగాళ్లలో ఇద్దరిని అట్టిపెట్టుకోవచ్చు. వినడానికి చిన్న నియమమే. కానీ ఎవరి చేతిలో ఏ ముక్కలున్నాయో తెలిశాక పేకాట రూల్సు రాయడానికి కూర్చుంటే ఎలా ఉంటుందో, ఆగస్టులో మా వాట్సాప్ గ్రూపు అలా ఉంటుంది.

మా బావమరిది ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లని అట్టిపెట్టుకున్నాడు. ఆ మర్నాటి నుంచీ అతనికి సూపర్‌ఫ్లెక్స్ మీద భక్తి పుట్టింది. సూపర్‌ఫ్లెక్స్ అంటే ఆ ఇంజన్ సీటు మీద ఇంకో డ్రైవర్ని కూడా కూర్చోబెట్టుకోవచ్చనే ఏర్పాటు. "బావా, ఆట నడిపేదే క్వార్టర్‌బ్యాక్. వాడికి ఒక్క కుర్చీయేనా? మనస్సాక్షి ఒప్పుకుంటుందా నీకు?" అన్నాడు. నేను లెక్క చెప్పాను. 32 జట్లలో సెలవు వారం వచ్చిందంటే ఒక్కోసారి ఆరు జట్లు ఆడవు. మిగిలేది 26. పన్నెండు మందికి ఇద్దరేసి అంటే 24 కావాలి. అందులో ముగ్గురికి మోకాళ్లు పట్టేశాయంటే మన లీగులో కరువే కదా అన్నాను. "కరువొస్తే నా దగ్గర కొనుక్కుంటార్లే" అన్నాడు. మనస్సాక్షి వెనకాల గోడౌన్ కూడా కట్టి ఉంచాడన్నమాట.

ఇంకో వర్గం కిక్కర్ని ఎత్తేయాలంటోంది. నాయకుడు మా ఆఫీసులో డేటాబేసులు చూసే అన్నయ్య. నిరుడు సెమీఫైనల్లో సోమవారం రాత్రి ఆఖరి నిమిషంలో అవతలివాడి కిక్కర్ 50 గజాల దూరం నుంచి తన్నిన బంతి కర్రల మధ్య నుంచి పోయింది, ఈయన రెండు పాయింట్ల తేడాతో పోయాడు. అప్పటి నుంచీ "కిక్కర్‌ది అదృష్టం తమ్ముడూ, మనది నైపుణ్యం" అంటాడు. కిక్కర్ అంటే గట్టిమేళం వాయించేవాడు. మూడు గంటలు ఓ మూల కూర్చుని సరిగ్గా ముహూర్తానికి మోగాలి. మోగితే ఎవరూ పట్టించుకోరు, మోగకపోతే వంశం మొత్తాన్ని తిడతారు. అలాంటివాణ్ని పందిట్లోంచి గెంటేయడానికి నా చెయ్యి రాలేదు. పైగా చరిత్ర నా వైపే ఉంది. ఈ ఫాంటసీ ఆటకి 1962లో న్యూయార్కు హోటల్లో నియమాలు రాసింది ఓక్లాండ్ రైడర్స్ జట్టు వాటాదారు బిల్ వింకెన్‌బాక్, ఆయన స్నేహితులూ. మరుసటేడు ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో ఎనిమిది జట్లతో జరిగిన మొదటి డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైనవాడు జార్జ్ బ్లాండా. హ్యూస్టన్ ఆయిలర్స్ జట్టుకి క్వార్టర్‌బ్యాకూ ఆ బ్లాండాయే, కిక్కరూ ఆయనే. మొదటి బోణీయే పొజిషన్ తేలని మనిషితో అయిందంటే ఇక మాకేం తేలుతుంది?

అసలు తగువంతా టైట్ ఎండ్ దగ్గరుంది. వాడు సగం పహిల్వాను, సగం రిసీవరు. జట్టు కోసం ఎదుటివాణ్ని అడ్డుకోవాలి, బంతి వస్తే పట్టుకోవాలి. ఇంట్లో పెద్దకొడుకు ఉద్యోగం లాంటిది. 2020 నవంబరు 22న న్యూ ఆర్లిన్స్ సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ పక్కటెముకలు విరిగి కూర్చుంటే ఆ చోట టేసమ్ హిల్‌ని దింపారు. అతను రెండు టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించడం) స్వయంగా పరిగెత్తి కొట్టాడు. కానీ ఒక పెద్ద యాప్ జాబితాలో అతను టైట్ ఎండ్ కూడా. అంటే ఆ వారం కొందరి జట్లలో టైట్ ఎండ్ కుర్చీలో సాక్షాత్తూ క్వార్టర్‌బ్యాక్ కూర్చున్నాడు. రేషన్ కార్డులో ఇంజనీరుని కూలీ అని రాయించుకున్నట్టు. నిబంధన ప్రకారం తప్పు లేదు, అదే అసలు బాధ.

ఇదంతా పనిలేనివాళ్ల గొడవ అని తీసిపారేయకండి. 2014లో ఇదే సెయింట్స్‌లో ఆడిన జిమ్మీ గ్రాహమ్ "నేను టైట్ ఎండ్‌ని కాదు, రిసీవర్ని" అని మధ్యవర్తి దాకా వెళ్లాడు. ఎందుకంటే ఫ్రాంచైజ్ ట్యాగ్ (జట్టు తన ఆటగాణ్ని పొజిషన్ని బట్టి కట్టిన జీతానికి ఓ ఏడాది అట్టిపెట్టుకునే ఏర్పాటు) కింద ఆ ఏడాదికి టైట్ ఎండ్‌కి సుమారు 70 లక్షల డాలర్లు, రిసీవర్‌కైతే కోటీ 20 లక్షల పైచిలుకు. అంతకుముందు సీజన్‌లో బంతి కదిలిన మూడుసార్లలో రెండుసార్లు అతను నిలబడింది టైట్ ఎండ్ చోట కాదు, రిసీవర్ల చోట. అయినా మధ్యవర్తి స్టీఫెన్ బర్బాంక్ టైట్ ఎండే అని తేల్చాడు. ఆయన ఎత్తి చూపినవాటిలో ఒకటేమిటో తెలుసా? ట్విటర్‌లో తన గురించి గ్రాహమ్ స్వయంగా టైట్ ఎండ్ అని రాసుకోవడం. ఒక్క లైను బయోడేటా, 50 లక్షల డాలర్ల తేడా. ఇది చదివిన రోజే నేను నా లింక్డిన్ తెరిచి ఓ రెండు మాటలు సరిచేసుకున్నాను.

ఇన్ని చూశాక, ఏ స్వార్థమూ లేని మనిషిగా, నేనొక సవరణ ప్రతిపాదించాను. బంతి పట్టిన ప్రతిసారీ అందరికీ ఒక పాయింటు, టైట్ ఎండ్‌కి మాత్రం ఒకటిన్నర. అణగారిన పొజిషన్‌కి చేయూత. నేను అట్టిపెట్టుకున్న ఇద్దరిలో ఒకడు టైట్ ఎండ్ అన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో గారెలు వడ్డించాక ఓటింగు పెట్టాను. బావమరిది "బావా, ఇది పక్షపాతం" అని గారె చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. అవును అయిదు, కాదు ఆరు. మిగిలింది మా ఆవిడ. వరుసగా రెండేళ్లు లీగు గెలిచిన మనిషి, అదీ డ్రాఫ్ట్ రోజున 'ఆటో' నొక్కి, ఎంపిక యాప్‌కి వదిలేసి పడుకుని. "ఏదైనా పర్లేదు, అవుననే వేసుకోండి" అని వంటింట్లోంచి కేకేసింది. ఆరూ ఆరూ. కమిషనర్‌గా నిర్ణాయక ఓటు వేసి సవరణ నెగ్గించి, సేవ్ నొక్కాను. తర్వాత తన జాబితా తెరిచి చూశాను. ఆవిడ అట్టిపెట్టుకున్న ఇద్దరూ టైట్ ఎండ్‌లే. ఒకడు నా వాడికంటే మంచివాడు, ఇంకొకడు ఫ్లెక్స్‌కి.

అప్పుడే అమ్మ ఫోను. "ఒరే, మన వీధిలో కుళాయికి వారం నుంచీ నీళ్లు రావట్లేదట. మీవాడు కమిషనరే కదా, ఓ మాట చెప్పమని పక్కింటి పిన్నిగారు ఒకటే పోరు. ఏం చెప్పమంటావు?"

"పరిశీలనలో ఉందని చెప్పమ్మా."