‘మెదడువాపు’ అని రాసే ముందు ఏ మందు వేశారో అడగాలి

జ్వరం తగ్గుముఖం పట్టిందనుకున్న పిల్లాడు ఆగకుండా వాంతులు చేసుకుని, మగతలోకి జారి, ఫిట్స్‌తో ఆసుపత్రికి చేరితే మన దగ్గర కేసు షీటు మీద ముందుగా పడే మాట ‘మెదడువాపు’. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో ఇలా చేరిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. చాందీపురా వైరస్ కారణమని తేల్చారు. ఆ అనుభవం ఉన్నచోట వైరస్‌నే ముందు అనుమానించడం సహజం. కానీ వెన్నునీటిలో ఇన్‌ఫెక్షన్‌ను సూచించే కణాలు పెరగకపోయినా, మెదడులో ఏ క్రిమీ లేకపోయినా, వేసిన మందు కాలేయం పనిని దెబ్బతీయడం వల్ల మెదడు ఉబ్బే పిల్లలూ ఉంటారు.

సిడ్నీ పిల్లల ఆసుపత్రిలో పెథాలజిస్టు డగ్లస్ రేయ్ 1963లో వర్ణించినది ఇలాంటి జబ్బునే. ఆయన పేరుమీదే దాన్ని రేయ్ సిండ్రోమ్ అంటారు. ఆయన రాసిన 21 మందిలో 17 మంది బతకలేదు. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా కుంటుపడి కొవ్వు కాలేయంలో పేరుకుంటుంది, రక్తంలో చక్కెర పడిపోవచ్చు, మూత్రంగా పోవాల్సిన నత్రజని అమ్మోనియాగా మిగిలి మెదడుకెక్కుతుంది. కాలేయం ఇంత దెబ్బతిన్నా కామెర్లు సాధారణంగా కనిపించవు. ఎవరి దృష్టీ అటు పోకపోవడానికి అదొక కారణం.

ఫ్లూ, ఆటలమ్మ సమయంలో ఇచ్చిన ఆస్పిరిన్‌తో దీనికున్న సంబంధం తర్వాత బయటపడింది. అమెరికాలో 1979–80లో 555 కేసులు నమోదయ్యాయి. హెచ్చరికలు మొదలై, 1986లో లేబుల్ మీద ముద్రించడం తప్పనిసరి అయ్యాక, 1987 నుంచి ఏడాదికి 36కు మించలేదు. అప్పట్లో ఈ పేరుతో లెక్కకెక్కిన కొందరికి నిజానికి పుట్టుకతో వచ్చిన జీవక్రియ లోపాలున్నాయన్న వాదనలో పస ఉంది. అయినా తగ్గుదలంతా అలాంటి కేసులను విడదీయడం వల్లేనని నేననుకోను. బ్రిటన్ 2002లో ‘ఆస్పిరిన్ వద్దు’ అన్న సలహాను పదహారేళ్లలోపు వారందరికీ విస్తరించింది, 2009లో నోటిలో రాసే శాలిసిలేట్ (ఆస్పిరిన్ కోవ మందు) జెల్‌లనూ అదే వయసు వారికి వద్దంది. మన ఊళ్లలో పెద్దల ఒళ్లునొప్పుల మాత్రను సగం విరిచి పిల్లలకు వేసే అలవాటు ఇంకా ఉంది. ఆ మాత్రలో ఏముందో వేసినవాళ్లకూ తెలియదు. కవసాకి జబ్బుకో (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు), కీళ్లవాత జ్వరానికో డాక్టర్ రాసిన ఆస్పిరిన్ సంగతి వేరు: అక్కడ అది అవసరం, దీర్ఘకాలం వాడే పిల్లలకు తోడుగా ఫ్లూ టీకా వేయించాలి.

ఇవాళ నన్ను ఆస్పిరిన్ కంటే ఎక్కువ కలవరపెట్టేది వాల్‌ప్రోయేట్. ఫిట్స్‌కు బాగా పనిచేసే మందే, కానీ రెండేళ్లలోపు పిల్లల్లో, ముఖ్యంగా బయటపడని మైటోకాండ్రియా లోపమో యూరియా చక్ర లోపమో (అమ్మోనియాను యూరియాగా మార్చే పనిలో లోపం) ఉంటే, కాలేయాన్ని కూల్చగలదు. మామూలు కాలేయ పరీక్షలు బాగానే ఉండి అమ్మోనియా ఒక్కటే పెరిగిన సందర్భాలూ ఉంటాయి. మందు వేసుకుంటున్న బిడ్డ మగతగా ఉంటే ‘ఫిట్స్ వల్లే’ అని సరిపెట్టుకోవడం ఇక్కడే ప్రమాదకరమవుతుంది. అలాగని ఇంట్లోవాళ్లు సొంతంగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ఆ నిర్ణయం డాక్టరుదే.

అమ్మోనియా పరీక్షకు రక్తాన్ని ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకు చేర్చాలి. ఆలస్యమైతే ట్యూబులోనే విలువ పెరిగి తప్పు లెక్క చూపిస్తుంది. నమూనాను బయటి ల్యాబుకు పంపే ఆసుపత్రిలో ఇది తేలికైన పని కాదు. జిల్లా ఆసుపత్రుల్లోనే ఈ పరీక్ష ఉండాలని అడగడం అందుకే. చక్కెర చూడటానికి మాత్రం గ్లూకోమీటర్ చాలు, గత రెండు వారాల్లో ఏ మందులు వేశారో, ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులూ సీసాలూ తెప్పించి కేసు షీటులో రాసుకోవడానికి అదీ అక్కర్లేదు.