శిక్షణ తరగతి హాజరు పట్టీకి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ హాజరు పట్టీ గారి దివ్య సముఖమునకు,

పోలీసు శిక్షణ తరగతుల్లో వెనుక వరుసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చునే అలవాటున్న ఒక ఉద్యోగి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమందరమూ క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు. గట్టి అట్టకు క్లిప్పుతో బిగించి, పక్కనే దారం కట్టిన పెన్నుతో సహా తమరిని ఎంత భద్రంగా చూసుకుంటారో ఇరవై ఏళ్లుగా గమనిస్తూనే ఉన్నాను. మా శిక్షణ గదిలో ప్రొజెక్టరు తీగ పోయింది, ప్రథమ చికిత్స పెట్టెలోని కత్తెర పోయింది, బేడీలు వేసే పద్ధతి నేర్పిన రోజున తాళంచెవే పోయి, నమూనాగా నిలబడిన కుర్రవాడు సాయంత్రం దాకా చేతులు వెనక్కి పెట్టుకునే పాఠాలన్నీ విన్నాడు. తమరి పెన్ను మాత్రం ఒక్కనాడూ పోలేదు. (ఆ మధ్యాహ్నం హాజరుకు ఆ కుర్రవాడి సంతకం ఎవరు చేశారన్నది వేరే సంగతి.)

తమరి మహిమను కీర్తించడానికే ఈ లేఖ. శిక్షణ జరిగిందా అని పైఅధికారులు అడిగితే తమరిని చూపిస్తాం. ఎవరికి ఏం వచ్చిందని అడిగినా తమరినే చూపిస్తాం, ఎందుకంటే చూపించడానికి మా దగ్గర మరొకటి లేదు. ఎక్కడైనా లాఠీ అవసరానికి మించి లేచినా, లాకప్‌లో ఉన్న మనిషికి ఊపిరి అందని సంగతి ఎవరూ గమనించకపోయినా, విచారణకు వచ్చినవారు వేసే మొదటి ప్రశ్న ‘ఇతనికి శిక్షణ ఇచ్చారా?’ అన్నదే. ఇచ్చామండీ, ఇదిగో, ఫలానా తేదీన, ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, ఈ గీత మీద ఇతని సంతకం. దాంతో శాఖ ఒడ్డున పడుతుంది, సంతకం పెట్టినవాడు నీళ్లలో మిగులుతాడు. దెబ్బ తిన్న మనిషి గురించి రాయడానికి తమరిలో గడే లేదు.

పన్నెండేళ్ల కిందటి ప్రథమ చికిత్స తరగతి తమరికి గుర్తుండే ఉంటుంది. మేము నలభై మందిమి. గాయం నుంచి కారే రక్తాన్ని ఆపే టోర్నికే పట్టీ ఒక్కటి. అదీ ప్లాస్టిక్ కవరులో, సీలు తీయకుండా ఉంది, ఎందుకంటే సీలు తీస్తే స్టాకు పుస్తకంలో ‘వాడినది’ అని రాయాల్సి వస్తుంది. తమరూ ఆ కవరూ ఒకరి వెనుక ఒకరుగా, ఒకే వేగంతో చేతులు మారుతూ నా దాకా వచ్చారు. కవరును అటూ ఇటూ తిప్పి చూస్తే లోపల ఒక నల్లటి పట్టీ, దాన్ని మెలిపెట్టే చిన్న కడ్డీ కనిపించాయి. పక్కవాడికి అందించి, తమరి 27వ వరుసలో సంతకం చేశాను. రక్తం ఆగేదాకా కడ్డీని తిప్పాలని, కట్టిన సమయాన్ని పట్టీ మీదే రాయాలని బోధకుడు చెప్పిన మాటను నోట్సులో రాసుకున్నాను కూడా.

నాలుగేళ్ల తరువాత ఒక రాత్రి, రోడ్డు పక్కన బోల్తాపడిన బండి దగ్గర నేనున్నాను. నోట్సు ఇంట్లో బీరువాలో ఉంది. జీపులోని పట్టీ కవరును పళ్లతో చింపి, గాయానికి పైన తొడకు కట్టి, కడ్డీని రెండు చుట్లు తిప్పేసరికి అతను పెట్టిన కేకకు నా చెయ్యి ఆగిపోయింది. ఆ నొప్పి సహజమని, కేకను దాటుకుని ఇంకా తిప్పాల్సిందేనని నా చెవికి చెప్పినవారున్నారు గానీ నా చేతికి చెప్పినవారు లేరు. అంబులెన్సులో వచ్చిన అమ్మాయి ఒక్క మాటైనా అనకుండా నా చేతిని పక్కకు జరిపి, మరో చుట్టున్నర తిప్పింది, రక్తం ఆగింది. ‘ఎన్నింటికి కట్టారు?’ అని అడిగింది. నాకు తెలియదు. నేను తరగతికి వచ్చిన సమయం నిమిషాలతో సహా తమరి దగ్గర ఉంది, పట్టీ కట్టిన సమయం ఎక్కడా లేదు. అతను బతికాడు. ఆ సంగతి చెప్పకపోతే చదివేవారు ఊరుకోరు కనుక చెబుతున్నాను. అందులో నా గొప్ప ఏమీ లేదు.

హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంపర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంత సేపటికి ఎంత మరచిపోతున్నదీ తన మీదే లెక్కగట్టుకుని 1885లో ఆ వివరాలను పుస్తకంగా వేశాడు. నేర్చినదాంట్లో పెద్ద భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జారిపోతుందనీ, విరామమిచ్చి మళ్లీ మళ్లీ నెమరువేస్తేనే నిలుస్తుందనీ ఆయన తేల్చి ఒకటిన్నర శతాబ్దం కావస్తున్నది. తమరు మాత్రం ఏడాదికి ఒకే రోజు, ఉదయం ఒక సంతకం, మధ్యాహ్నం ఒక సంతకం అన్న నియమానికే కట్టుబడ్డారు. పది నిమిషాల అభ్యాసం నెలకు రెండుసార్లు డ్యూటీ మారే వేళ రోల్‌కాల్‌లోనే చేయించవచ్చు కదా అని నేనొకసారి నోరుజారితే, ‘పది నిమిషాలకు హాజరు పట్టీ ఎలా వేస్తామయ్యా, గంటలోపు శిక్షణ లెక్కలోకి రాదు’ అని జవాబు వచ్చింది. అంటే పాఠం ఎంతసేపు ఉండాలన్నది నేర్చుకునేవాడి బుర్ర కాక తమరి గడి వెడల్పు నిర్ణయిస్తున్నదన్నమాట.

గంటలంటే తమరికున్న మక్కువ లోకమంతటా ఉన్నదే. అమెరికాలో 2018 లెక్కల ప్రకారం రాష్ట్ర, స్థానిక పోలీసు అకాడమీల్లో ప్రాథమిక శిక్షణ సగటున 833 గంటలు. నార్వేలో పోలీసు కావాలంటే మూడేళ్ల డిగ్రీ చదవాలి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టగానే గంటలు పెంచేస్తే సరి అనిపిస్తుంది, తమరికి మరిన్ని పేజీలు కుడితే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ 833 గంటల్లో తుపాకీ వాడకానికే సుమారు 73 గంటలు పోగా, రెచ్చిపోయిన మనిషిని మాటతో చల్లార్చడానికి దక్కినవి అంతకంటే చాలా తక్కువ. 1990లో హవానాలో జరిగిన ఐక్యరాజ్యసమితి నేర నివారణ మహాసభ, బలప్రయోగంపై ఆమోదించిన మూలసూత్రాల్లో ఒప్పించడం, సంప్రదింపులు జరపడం, మధ్యవర్తిత్వం, గుంపు ప్రవర్తనను అర్థం చేసుకోవడం వంటివి శిక్షణలో ప్రత్యేకంగా ఉండాలని రాసింది. మాకూ అది నేర్పారు. ఆ సూత్రాలను తెర మీద చూపించి చదివి వినిపించారు. సంప్రదింపుల గురించిన ఆ పాఠంలో నలభై నిమిషాల పాటు మాలో ఎవరూ నోరు విప్పే అవకాశం రాలేదు.

అమెరికాలోని మెంఫిస్ నగరం కథ తమరికి నచ్చుతుంది. మానసిక అనారోగ్యంతో ఉండి, చేతిలో కత్తి పట్టుకున్న ఒక యువకుడిని 1987లో అక్కడి పోలీసులు కాల్చి చంపారు. మరుసటి ఏడాది, వైద్యులను, రోగుల కుటుంబాలను కలుపుకొని ఆ నగర పోలీసు శాఖ ఒక ప్రత్యేక బృందాన్ని తయారు చేసింది: స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారిలో తగినవారిని ఎంచడం, వారికి 40 గంటల శిక్షణ ఇవ్వడం, పట్టుకొచ్చిన మనిషిని తిప్పిపంపకుండా చేర్చుకునే ఆసుపత్రితో ముందే ఒప్పందం చేసుకోవడం. ఆ పద్ధతి ఊరూరా పాకింది. అయితే చాలాచోట్ల ఎంపిక వదిలేశారు, ఆసుపత్రిని వదిలేశారు, రోగుల కుటుంబాలను అసలే వదిలేశారు. 40 గంటలను మాత్రం అందరికీ తప్పనిసరి చేసి చెక్కుచెదరకుండా కాపాడుకున్నారు. తమరిలో పట్టేది అదొక్కటే మరి.

తమరిని పక్కనపెట్టి కొలిచినవారు లేకపోలేదు. 2019లో అమెరికాలోని లూయీవిల్ నగరంలో, ఉద్రిక్తతను తగ్గించే పద్ధతులను పోలీసులకు విడతలవారీగా నేర్పి, శిక్షణ అందినవారిని ఇంకా అందనివారితో పరిశోధకులు పోల్చి చూశారు. తరగతికి ఎవరు వచ్చారన్నది కాక, వీధిలో ఏం జరిగిందన్నది లెక్కించారు. బలప్రయోగం 28 శాతం, పౌరులకు తగిలిన గాయాలు 26 శాతం, పోలీసులకు తగిలిన గాయాలు 36 శాతం తగ్గాయి. మరుసటి ఏడాది అదే నగరంలో అర్ధరాత్రి సోదాకు వెళ్లిన పోలీసుల కాల్పుల్లో ఒక యువతి తన ఇంట్లోనే ప్రాణం కోల్పోయింది కనుక, ఒక తరగతి బాగుపడితే శాఖ మొత్తం బాగుపడుతుందని నేను అనను. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో తెలుసుకోవాలంటే సంతకాలు కాక మరేదో లెక్కపెట్టాలన్న మాట మాత్రం అంటాను.

ఇక తమరి దర్శనమే దొరకనివారి మాట. అమెరికాలోని స్థానిక పోలీసు విభాగాల్లో దాదాపు సగం పదిమందికి లోపు పోలీసులతో నడిచేవేనని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. అలాంటి చోట ఒకరు వారం రోజులు అకాడమీకి వెళితే ఆ వారం అతని డ్యూటీ ఎవరు చేయాలన్న ప్రశ్నకు జవాబు దొరకక, వెళ్లవలసినవాడు కాక వెళ్లగలిగినవాడు వెళతాడు. పని తెలియనివాడిని పంపాలి గానీ, పనికి రానివాడిని పంపితే స్టేషన్‌కు ఇబ్బంది ఉండదు. మా దగ్గర ఒక ఆయన అలా పదకొండు కోర్సులు పూర్తి చేశాడు. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే మహిళా కానిస్టేబుల్‌కు మాత్రం, పిల్లలను ఎవరికీ అప్పగించలేని స్థితిలో, అకాడమీ హాస్టల్లో వారం ఉండడం ఏనాడూ కుదరలేదు.

వారందరి కోసం తమరు ఆన్‌లైన్ అవతారం ఎత్తారు. ఉద్దేశం మంచిదే, ఎక్కడివారికైనా, ఏ వేళనైనా పాఠం అందుతుంది. అయితే కాగితం మీద సంతకంగా ఉన్న తమరు అక్కడ ‘తరువాత’ అనే మీటగా వెలిశారు. ఒక్కో పేజీ 45 సెకన్లు తెర మీద ఉంటే గానీ ఆ మీట వెలగదు, కాబట్టి ఆ 45 సెకన్లూ మేము మీటనే చదువుతాం. అర్ధరాత్రి స్టేషన్లో, ఒకవైపు ఫోను మోగుతూ, మరోవైపు ఫిర్యాదుకు వచ్చిన మనిషి బల్ల ముందు నిలబడి ఉండగా, ‘బాధితులు చెప్పేది శ్రద్ధగా వినడం’ అనే పాఠాన్ని నేను ఆ విధంగానే పూర్తి చేశాను. చివరి పరీక్షలో తప్పితే ఎన్నిసార్లయినా రాయవచ్చు. కంప్యూటర్ తెర అంచున ఆరుగురి పాస్‌వర్డ్‌లు, కింద ‘బి, సి, సి, ఎ, డి’ అని జవాబులు రాసిన పసుపు చీటీ ఉంటుంది. డ్యూటీలో ఖాళీగా ఉన్నవాడు ఆరుగురినీ విద్యావంతులను చేస్తాడు. పైకి వెళ్లిన నివేదికలో మా స్టేషన్ నూటికి నూరు శాతం.

ఇంతకీ విన్నపమేమిటంటే, ఎల్లుండి ప్రథమ చికిత్స తరగతి నాకు అప్పగించారు. పన్నెండు మంది వస్తున్నారు. నాలుగు టోర్నికే పట్టీలు సంపాదించి, నాలుగింటి సీళ్లూ నేనే చింపి, స్టాకు పుస్తకంలో ‘వాడినది’ అని నాలుగుసార్లు రాశాను. తమరిని సాయంత్రం దాకా బీరువాలో ఉంచుతున్నాను. లైటు ఆర్పిన గదిలో ఒక్కొక్కరూ తమ కుడిచేతికి తామే, ఎడమచేతి ఒక్కదానితో, పట్టీ బిగించుకోవాలి. మణికట్టు దగ్గర నాడి ఆగిందని పక్కవారు పట్టి చూసి చెప్పాలి. వెంటనే వదులు చేసుకున్నాక, కట్టిన సమయం ఎంతో చెప్పాలి. అది చెప్పగలిగినవారికే తమరిని తీసి ఇస్తాను. అప్పటికింకా చేతిలో తిమ్మిరి వదలదు కనుక సంతకాలు కొంచెం వంకరగా పడవచ్చు, మన్నించవలెను.

ఇట్లు,
తమరి 27వ వరుస